కఱ్ఱపడవకు గాజుగుడ్డ: లోపములు, మరమ్మతులు



ఈనాటి ప్రసంగవిషయము విన్నంతనే మీలో కొందఱకు నవ్వు రావచ్చును. మంచుసముద్రములలో వేటాడు జనులు కనిపెట్టిన కయాకు అను చిన్న పడవను కఱ్ఱబద్దలతో కట్టి, దానిపై గాజుగుడ్డ కప్పి, ఆ కప్పులో వచ్చిన లోపములను దిద్దుట యెట్లో, గోదావరి యొడ్డున పుట్టి, జీవితమంతయు బడిపిల్లలకు లెక్కలును వడ్రంగమును నేర్పిన ముసలివాడు చెప్పుట యేమి? కారణము కలదు. 2022వ సంవత్సరము జనవరి మొదలు జూన్ వఱకు నేను అమెరికా దేశములోని మిన్నెసోటా రాష్ట్రమున మా అబ్బాయి యింట ఉంటిని. ఆ యింటి కారుకొట్టములో పదునాఱేండ్ల మా మనుమడును నేనును కలిసి అట్టి పడవ నొకదానిని కట్టితిమి. పడవ కట్టిన దినములకంటె, మేము చేసిన తప్పులు దిద్దుకొన్న దినములే నాకు ఎక్కువగా జ్ఞాపకమున్నవి. వానిలో ఒక తప్పును కప్పిపుచ్చుదమని సలహా యిచ్చినవాడను నేనే. ఆ సంగతియు దాచక చెప్పెదను.

మొదట కయాకు అననేమో తెలియవలెను. గ్రీన్‌లాండు, ఉత్తర కెనడా, అలాస్కా తీరములలోని ఇన్యూట్ మొదలగు జాతులవారు తరతరములుగా దీనిని వాడుచున్నారు. వారిలో చాలమంది నివసించు చోట చెట్టు మొలవదు. సముద్రము ఒడ్డునకు కొట్టి తెచ్చిన కఱ్ఱను, జంతువుల యెముకలను నరములతో బిగించి పంజరము కట్టి, సీలు అను నీటిజంతువు చర్మమును దానిపై గట్టిగా కుట్టెడివారు. మన దోనెకు పైభాగము తెఱచియుండును గదా. దీనికి పైభాగము కూడ మూతపడియుండును. నడుమ మనిషి నడుము పట్టునంత కంత యొకటి యుండును. అందు దిగి, కాళ్లు ముందునకు చాచి కూర్చుండి, రెండు కొనలను ఆకులు గల యొకే తెడ్డుతో కుడియెడమల నీటిని త్రోయుచు పోవుదురు. మనిషి పడవ నెక్కినట్లు కాక, పడవను తొడిగికొన్నట్లు ఉండును.

కఱ్ఱబద్దలతో కట్టు పద్ధతి వేఱొక చోటిది. కెనడాలోని పీటర్‌బరో పట్టణ ప్రాంతమున 19వ శతాబ్దము ఉత్తరార్ధముననే సన్నని బద్దలను అంచునకంచు చేర్చి దోనెలు కట్టిరి. వానికి లోపల కఱ్ఱపక్కలు వేసి మేకులు కొట్టెడివారు. గాజుపోగులతో నేసిన గుడ్డ 1930 తరువాత అమెరికాలో వచ్చినది. ఎపాక్సీ అను రెండుపాళ్ల జిగురు ఇంచుమించు ఆ కాలముననే స్విట్జర్లాండునందును అమెరికాయందును పుట్టినది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన కొన్ని యేండ్లకు మిన్నెసోటాలో దోనెపందెములు ఆడువారు ఈ గాజుగుడ్డను బద్దల పడవపై కప్పి చూచి, లోపలి పక్కలు అక్కఱలేదనియు, మేకులు అక్కఱలేదనియు తెలిసికొనిరి. ఆ పద్ధతియే తరువాత కయాకునకు వచ్చినది.

మా పడవ పొడవు 17 అడుగులు, వెడల్పు 22 అంగుళములు. అచ్చట సీడారు అని పిలుచు ఎఱ్ఱని తేలికకఱ్ఱను పావు అంగుళము మందము, ముప్పావు అంగుళము వెడల్పు గల బద్దలుగా కోసి, అడుగునకొకటి చొప్పున నిలిపిన పలకచట్రములపై ఒకదాని ప్రక్క నొకటి వంచి అంటించితిమి. ప్రతిబద్దకు ఒక అంచు గుండ్రముగను, రెండవ అంచు పల్లముగను ఉండును. ఒకదానిలో నొకటి ఒదుగును. అడుగుభాగమును పైమూతను వేఱువేఱుగా కట్టి తరువాత కలుపుదురు. చిత్రికపట్టి, ఇసుకకాగితముతో రుద్దిన పిమ్మట పడవ చూచుటకు వీణకుండవలె నుండెను. కాని ఆ కఱ్ఱ యెంత మెత్తనిదనగా, గోరు నొక్కినను గుంట పడును. దానినట్లే నీటిలో దింపినయెడల ఒక్క ఋతువు నిలువదు.

గుడ్డ కప్పుట ఇందుకే. మన యిండ్లలో ఆడువారు వెదురుచేటకు మెంతిపిండియు కాగితపుగుజ్జును కలిపి పూయుట మీరెఱుగుదురు. వెదురుబద్దలు ఆకారము నిచ్చును, పూత వానిని కట్టియుంచి సందులు మూయును. ఇదియు అట్టిదే. చదరపు గజమునకు 6 ఔన్సులు తూగు తెల్లని గాజుగుడ్డను పడవపై పఱచి, ఎపాక్సీ పోసి, మెత్తని పలకతో లాగుదురు. పడవకు వెలుపల నొక పొర, లోపల నొక పొర. పడవపై బరువు పడినపుడు ఒక ప్రక్క పొర సాగనీయదు, రెండవ ప్రక్క పొర నలుగనీయదు. నడుమ కఱ్ఱ ఆ రెంటిని దూరముగా పట్టియుంచును. ఒక్కొక్క పొర మందము పోస్టుకార్డంత మాత్రమే. అంత పలుచని పొరకు బలము ఎచ్చటినుండి వచ్చినదనగా, అది కఱ్ఱను విడువక పట్టుకొనియుండుటనుండి వచ్చినది. పట్టు విడిచిన చోట అది ఉత్త పోస్టుకార్డే.

ఇచ్చట నొక చిత్రము చెప్పవలెను. ఎండు గాజుగుడ్డ మల్లెపూవువలె తెల్లగా నుండి, క్రింది కఱ్ఱను కనబడనీయదు. ఎపాక్సీ తగులగానే గుడ్డ మాయమగును. గాజులోను ఎపాక్సీలోను వెలుతురు వంగు తీరు ఇంచుమించు ఒకటే యగుటచేత, కంటికి ఆ రెంటికి నడుమ హద్దు దొరకదు. క్రింది కఱ్ఱ నీటిలో తడిపినట్లు మెఱయును. ఏచోట జిగురు చాలలేదో, ఏచోట గాలి చిక్కుకొన్నదో, అచ్చట మాత్రము తెలుపు నిలిచిపోవును. కావున ఈ పనిలో లోపము తనంతట తానే కనబడును. వెదకనక్కఱలేదు; చూచిన తరువాత చూడనట్లు నటింపకుండుటయే కష్టము.

మా తప్పు ఏప్రిల్ మాసమున ఒక శనివారము జరిగినది. ఉదయము ఎనిమిది గంటలకు, కొట్టము తలుపు మూసి, లోపల వెచ్చదనపు యంత్రము పెట్టి, పడవ అడుగుభాగముపై గుడ్డ పఱచి జిగురు పోయ మొదలిడితిమి. తొమ్మిదిన్నరకు పని చాలవఱకు ముగిసినది. ఎంత అందముగా నున్నదో కోడలికి చూపవలెనని నేను కొట్టము తలుపు ఎత్తించితిని. తూర్పు ఎండ సూటిగా పడవమీద పడినది. అరగంట గడవకముందే నున్నని పైపూతలో ఆవగింజలంత బుడగలు, ఒకటి కాదు, నూఱు కాదు, పెసరట్టు కాలునపుడు పైకి వచ్చినట్లు వచ్చినవి.

ఏమి జరిగినదనగా, కఱ్ఱ యనునది సన్నని గొట్టముల కట్ట. దాని నిండ గాలి యుండును. కఱ్ఱ వేడెక్కిన కొలది లోపలి గాలి పెరిగి, బద్దల సందులనుండి ఊఱి, ఇంకను గట్టిపడని జిగురును పైకి తన్నును. కఱ్ఱ చల్లారుచున్నపుడు ఇదియే తలక్రిందులగును. లోపలి గాలి ముడుచుకొని జిగురును లోనికి పీల్చుకొనును. కావున గుడ్డ కప్పుటకు తగిన వేళ ప్రొద్దు వ్రాలునపుడు: మధ్యాహ్నము వఱకు కఱ్ఱను వెచ్చబఱచి, ఆ మీదట వేడి తగ్గుచుండగా పని చేయవలెను. ఈ సంగతి మేము చదివిన పుస్తకములలో వ్రాసియే యుండెను. చదివియు తలుపు ఎత్తించితిని.

చిన్నబుడగలకు మేము వెంటనే చేసిన పని మంచిదే. ఎండకు దుప్పటి అడ్డముపెట్టి, మెత్తని పలకతో మఱల లాగి, కొన్నిటిని పగులగొట్టితిమి. మిగిలినవి గట్టిపడిన తరువాత సూదిమొనతో తెఱచి, గుంటలను జిగురుతో నింపితిమి. అవి పైపూతలోని బుడగలు. గుడ్డకు క్రింద లేవు. బలమునకు హాని లేదు. కాని పడవ అడుగున, కూర్చుండు చోటికి సరిగా క్రింద, అఱచేయి వెడల్పున గుడ్డయే పైకి లేచినది. దానిని ఆ పూట మేము చూడనే లేదు. మఱునాడు తెల్లని మబ్బువలె కనబడినది.

అప్పుడు నేనన్న మాట యిది: "అబ్బాయీ, అది అడుగుభాగము. నీటిలో నుండును. పైన రెండు పూతలు వేసి, రంగు కలిపిన వార్నీషు పూసినచో ఎవరికిని తెలియదు." నలువదిమంది పిల్లల చేత పీటలు చేయించి, అతుకు సరిగా లేదని విప్పించి మఱల చేయించిన నోటితోనే ఈ మాట అంటిని. మూడు మాసముల శ్రమ చెడిపోవునను దిగులు, నేను తిరిగి వచ్చులోపల పడవ నీటిలో చూడవలెనను ఆత్రము అట్లు పలికించినవి. మా మనుమడు కొంతసేపు ఊరకుండి, జేబులోని నాణెము తీసి, ఆ మబ్బుచుట్టును తట్టుచు వచ్చెను. మంచిచోట టకటకమని గట్టిగా పలికినది. మబ్బుమీద డబడబమని బోలుగా పలికినది. సంతలో ఆడువారు కుండను వ్రేలితో తట్టి కొనుట నాకు జ్ఞప్తికి వచ్చినది. వాడు సుద్దముక్కతో బోలుచోటికి గీత గీచెను. చూపునకు అఱచేయంత యున్నది, గీత గీచునప్పటికి విస్తరాకులో సగమైనది. "తాతయ్యా, దీనిమీద కూర్చుండువాడను నేను గదా" అని మాత్రము అనెను.

వాని మాటలోని బరువు తెలియవలెనన్న ఆ దేశపు నీటిని గూర్చి ఒక మాట చెప్పవలెను. అక్కడి పెద్ద సరస్సులలో మంచు కరగిన తరువాత కూడ చాలదినములు నీరు ప్రాణము తీయునంత చల్లగా నుండును. సుపీరియరు సరస్సునందు జూన్ మాసమున సైతము అట్లే. అట్టి నీటిలో పడినవానికి పదినిముషములు గడచునప్పటికి చేతులు పట్టు తప్పును. ఈత వచ్చినవాడైనను ఈదలేడు. ఒడ్డునకు దూరముగా నున్నపుడు అడుగున రాయి తగిలి, పట్టు విడిచిన ఆ పోస్టుకార్డు చిరిగినచో ఏమగునో నేను వేఱుగ చెప్పనక్కఱలేదు. చిరుగకున్నను, సన్నని నెఱియగుండ నీరు దూరి, కఱ్ఱలో ప్రాకి, నల్లబఱచును. చలికాలమున ఆ నీరు గడ్డకట్టి, ఉబ్బి, గుడ్డను ఇంకను కొంత లేపును. మఱుసటి వేసవికి ఇంకను కొంత. పైన వార్నీషు మాత్రము మెఱయుచునే యుండును.

ఇక మరమ్మతు. బుడగ చిన్నదైన, అనగా రూపాయిబిళ్ల కంటె మించనిదైన, కోసివేయుట అవసరము లేదు. రెండు కొనల రెండు సన్నని రంధ్రములు చేసి, సూదిమందు గొట్టముతో ఒక రంధ్రమున ఎపాక్సీ ఎక్కింపవలెను. రెండవ రంధ్రమునుండి గాలి పోయి జిగురు బయటికి కనబడువఱకు ఎక్కింపవలెను. ఒక్క రంధ్రమే చేసినచో గాలి పోవుటకు దారి లేక జిగురు లోనికి పోదు. తరువాత పైన పాలితీన్ కాగితము పఱచి, చిన్న బరువు పెట్టుదురు.

పెద్దదైనచో కోయవలసినదే. మొదట నాలుగైదు దినములు ఆగి, జిగురు పూర్తిగా గట్టిపడనిచ్చితిమి. సుద్దగీత వెంబడి పదునైన కత్తితో గుడ్డను మాత్రము కోసితిమి, కఱ్ఱను కోయక. వేడిగాలి యంత్రముతో కొంచెము వెచ్చబఱుపగా ఎపాక్సీ మెత్తబడి, గుడ్డ అరటిపట్టవలె ఊడివచ్చినది. ఇచ్చట ముఖ్యమైన సంగతి యేమనగా, గీత దగ్గర ఆగరాదు. గుడ్డ ఇక ఊడిరానని మొరాయించు చోటు వఱకు పోవలెను. మా గీతకు మూడు ప్రక్కల గుడ్డ వెంటనే మొరాయించినది. నాలుగవ ప్రక్కన ఇంకను రెండంగుళములు సులువుగా వచ్చినది. నాణెము చెప్పని సంగతి అది. వచ్చినంతమేర తీసివేసితిమి.

తరువాత ఆ గొయ్యి అంచులను చుట్టును రెండంగుళముల వెడల్పున ఏటవాలుగా రుద్దవలెను. లోపలి అంచున గుడ్డ పూర్తిగా సన్నగిలి, వెలుపలికి పోయిన కొలది మందమగుచు రావలెను. ఇది రుద్దునపుడు నా చేయి ఒకచోట జాఱినది. ఎపాక్సీ పట్టిన గుడ్డ గట్టిది, సీడారు మెత్తనిది. ఒకే ఒత్తిడితో రెంటిని రుద్దినచో కఱ్ఱ త్వరగా అరిగి పళ్లెము పడును. మొద్దుకఱ్ఱముక్కకు కాగితము చుట్టి రుద్దవలసినదానిని వ్రేళ్లతో రుద్దితిని. ఆ పళ్లెమును ఎపాక్సీలో సన్నని ఱంపపుపొట్టు కలిపిన ముద్దతో నింపవలసివచ్చినది. ఆ చోటు ఈనాటికిని కొంచెము ముదురు రంగున కనబడుచున్నది. మా మనుమడు దానికి తాతయ్యమచ్చ అని పేరు పెట్టినాడు.

గట్టిపడిన ఎపాక్సీపై క్రొత్త ఎపాక్సీ రసాయనికముగా కలియదు. ముందటి పూత వేసిన ఒకటి రెండు దినములలోపల, ఇంకను పచ్చిగా నున్నపుడు, పైపూత వేసినచో రెండును ఒక్కటియగును. ఆ గడువు దాటినచో పాతదానిని గరుకుచేసి, ఆ గీతలలో క్రొత్తది పట్టుకొనునట్లు చేయవలెను. మెఱుపు ఎచ్చట మిగిలిన అచ్చట పట్టు లేనట్లే.

గరుకు చేయుటకు ముందు ఇంకొక పని కలదు. తేమగాలిలోను చలిలోను గట్టిపడిన కొన్ని జాతుల ఎపాక్సీపై మైనమువంటి సన్నని జిడ్డు తేలును. దీనిని కడుగక రుద్దినచో కాగితము దానిని గీతలలోనికి పులుమును. పైపూత తామరాకుపై నీటివలె గుంపులుగా చేరును, లేదా కొన్నాళ్లకు పొట్టువలె లేచును. ఈ జిడ్డు నీటిలో కరగును. మంచినీటితో గరుకుపీచు పెట్టి తోమి, తుడిచి, ఆఱనిచ్చిన చాలును. ఇంత సులువైన పనిని ఇంతమంది విడుచుట నాకు ఆశ్చర్యము కలిగించినది. మేమును మొదటిమారు విడిచితిమి.

అతుకుగుడ్డను పాతగుడ్డ బరువునదే తీసికొని, మూలలు లేకుండ గుండ్రముగా కత్తిరించితిమి. మూల యున్నచోట గుడ్డ మొదట లేచును. అడ్డపీట మూల మొదట విఱుగుట వడ్రంగి యెఱుగును. గుడ్డ నేతను పాత నేత వైపునకే త్రిప్పి పెట్టవలెను. లేనియెడల ఎండలో అతుకు వేఱుగ మెఱయును. కఱ్ఱకు ముందుగా జిగురు పూసి, గుడ్డ పఱచి, మఱల జిగురు పోసి, నడుమనుండి అంచులకు లాగితిమి. జిగురు ఎక్కువైనను లోపమే, గుడ్డ తేలిపోవును. పైకి నున్నగా నుండును గాని, గుడ్డకు క్రింద ఉత్త జిగురు నిలుచును. ఉత్త జిగురు పెళుసు, బలమంతయు గుడ్డది. పైగా తేలిన గుడ్డ నున్నచేయునపుడు మొదట తెగునది అదియే. నేత గుఱుతులు పైకి సన్నగా కనబడునంతవఱకు లాగివేసి, ఆ గుంటలను తరువాతి పూతలతో నింపుట సరియైన పద్ధతి. చివరకు పాలితీన్ కాగితము బిగువుగా పఱచి అంచులు అంటించితిమి. మఱునాడు తీయగా అద్దమువలె వచ్చినది. ఈసారి పని మొదలిడినది సాయంకాలము ఐదు గంటలకు. తలుపు ఎవరిని ఎత్తనీయలేదు.

అతుకు అతికినది. ప్రొద్దువాలిన వెలుతురులో ప్రక్కనుండి చూచినచో చంద్రుని చుట్టు వరదగుడివలె సన్నని వలయము కనబడును. నేను దానిని మఱల రుద్దబోయితిని. మనుమడు వద్దనెను. వాడు వద్దనుట మంచిదైనది. ఏలననగా ఆ వారమే ముక్కుభాగమున ఒక కారుడును నున్నచేయబోయి నేను గుడ్డను తెగరుద్దితిని. కారుడు అనగా నిలువుప్రక్కల జిగురు జాఱి కన్నీటిచారవలె గట్టిపడుట. దానిని పదునైన ఉక్కురేకుతో గీకివేయవలెను. కాగితముతో రుద్దినచో కారుడుకంటె దాని ప్రక్కనున్న మంచిపొరయే ముందు అరుగును. తెల్లని చుక్కలు వరుసలుగా కనబడినచో గుడ్డపోగులు తెగుచున్నవని గుఱుతు. అప్పుడు చేయి తీసివేయవలెను. ఒక పోగు తెగినంతలో పడవ మునుగదు. కాని ఆచోటున చిన్న అతుకు వేయక తప్పదు. ముక్కు రాళ్లకు తగులు భాగము గనుక అక్కడ రెండు పొరలు వేసితిమి.

జిగురు కలుపుట గూర్చి కూడ చెప్పవలెను, మన చేతి అంచనా ఇచ్చట పనికిరాదు కనుక. ఒక తయారీకి రెండుపాళ్లకు ఒక పాలు, వేఱొకదానికి మూడుపాళ్లకు ఒక పాలు, ఇంకొకదానికి ఐదుపాళ్లకు ఒక పాలు గట్టిమందు కలుపవలెను. డబ్బాపై నున్న లెక్క దాటరాదు. గట్టిమందు ఎక్కువ పోసినచో త్వరగా గట్టిపడునని మేస్త్రీబుద్ధికి తోచును, పడదు. జత దొరకని మందు మిగిలి జిగురు మెత్తగా నుండిపోవును. మేము కలిపిన ఒక గిన్నెలో అడుగు సరిగా కలియక, పైమూతపై చేయంత మేర పదిదినములైనను వ్రేలికి అంటుచుండెను. దానిపై ఎంత మంచిపూత వేసినను క్రిందిది గట్టిపడదు. అంతయు గీకి, కరగించు ద్రవముతో తుడిచి, మొదటినుండి చేయవలసివచ్చినది. ఒకేసారి ఎక్కువ కలిపి గిన్నెలోనే ఉంచినచో తనవేడికి తానే పొగలు క్రక్కును. వెడల్పు పళ్లెములో పోసికొన్న కొంత ఆగును. చేతికి తొడుగులు లేక ఈ జిగురు ముట్టరాదు. కొందఱ శరీరము కొన్నాళ్లు ఓర్చుకొని, ఒక దినమున తిరుగబడి దద్దుర్లు పుట్టించును; పిమ్మట వారు జీవితమున మఱల దానిదరికి పోలేరు. రుద్దునపుడు లేచు గాజుధూళి ఊపిరిలోనికి పోరాదు. ముక్కునకు గుడ్డ కాదు, తగిన ముసుగే కావలెను.

ఎపాక్సీకి ఎండ శత్రువు. వార్నీషు పూయుట అందమునకే యని నేననుకొంటిని. కాదు, ఎండలోని కంటికి కనబడని కిరణములను ఆపు మందు కలిపిన వార్నీషు పూయనియెడల, ఎపాక్సీ పసుపెక్కి, సుద్దవలె రాలి, గుడ్డ బయటపడును. మూడు పూతలు వేసితిమి. జూన్ మొదటివారమున ఇంటికి దగ్గరి చిన్న సరస్సులో పడవను దింపితిమి. 45 పౌనులు తూగినది. మా మనుమడు ఒక్కడే భుజముపై మోసికొనిపోయెను. ప్రాణరక్షణ చొక్కా తొడిగికొని గంటసేపు త్రిప్పి తెచ్చిన తరువాత, పడవను బోర్లించి అతుకును నాణెముతో తట్టి చూచినాడు. నేను వినలేదు, చెవి సరిగా వినబడదు. వాని ముఖము చూచితిని.

మన తీరమునకును ఈ విషయమునకును సంబంధము లేకపోలేదు. 1979లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రముగా మొదలిడిన బంగాళాఖాత కార్యక్రమము ఇసుకతీరములకు తగిన క్రొత్త పడవలను పరీక్షించినది. తరువాతి దశాబ్దములలో మన తెప్పల స్థానమునను, చెక్కనావల స్థానమునను ఫైబరు పడవలు వచ్చినవి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత అవి మఱింత వ్యాపించినవి. నా చిన్నతనమున చెక్కనావల సందులలో పీచు కూఱి, గుగ్గిలమును నూనెయు కాచి పోయుట చూచితిని. ఇప్పటి పడవలలో గాజుగుడ్డకు మాఱుగా తఱచు చాపవలె పఱచిన గాజుపీచును, ఎపాక్సీకి మాఱుగా పాలియెస్టరు జిగురును వాడుదురు. ధర తక్కువ, పాత పొరపై పట్టును తక్కువ.

స్వదేశమునకు వచ్చిన తరువాత కాకినాడకు ఉత్తరమున ఒక మత్స్యకార గ్రామములో మా దూరపు బంధువు ఇంటికి పోయినపుడు, ఇసుకపై బోర్లించిన పడవకు ఇద్దఱు అతుకు వేయుట చూచితిని. ఉప్పునీటి తడి ఆఱకముందే, రుద్దకయే, పాతరంగుపైననే పీచు పఱచి జిగురు పోయుచుండిరి. ఆ యేడాదిలో అదేచోట అది మూడవ అతుకట. నేను నాణెము తీసి తట్టి చూపితిని. వారిలో పెద్దవాడు ఓపికగా విని, "బాబూ, మీరన్న ఎపాక్సీ దీనికి ఎన్ని రెట్లు ధర? పడవ ఎన్నాళ్లు ఒడ్డున పెట్టమందురు?" అని అడిగెను. న్యాయమైన ప్రశ్న. పాలియెస్టరు పడవకు పాలియెస్టరుతోనే అతుకు వేయవచ్చును. కాని అతుకవలసిన చోటును మంచినీటితో కడిగి ఉప్పు పోగొట్టవలెను; నీరు త్రాగిన పీచు పూర్తిగా ఆఱవలెను, అందుకు ఎండలో రెండు మూడు దినములు పట్టును; బోలుపలుకు చోటంతయు తీసివేసి, రంగు పోయి పీచు కనబడువఱకు చుట్టును జానెడు వెడల్పున రుద్దవలెను. మఱియొక సంగతి: ఎపాక్సీ పాలియెస్టరుపై బాగుగా పట్టును గాని, ఎపాక్సీ అతుకుపై పాలియెస్టరు సరిగా పట్టదు, కావున ఒకచోట ఎపాక్సీ వేసినవారు ఆచోట మఱల ఎపాక్సీయే వేయవలసియుండును.

రెండు మూడు దినములు అనగానే ఆయన సముద్రము వైపు చూచినాడు. అది వేట మంచిగా సాగు కాలము. చివరకు ఏప్రిల్ మధ్యనుండి జూన్ మధ్య వఱకు వేటనిషేధము వచ్చును గదా, అప్పుడు విప్పి చేయుదుమనియు, అంతవఱకు ఈ అతుకుతో ఒడ్డు దాటి దూరము పోమనియు చెప్పెను. ఏప్రిల్‌లో మా బంధువు కబురు పంపినాడు. బోలుచోటు వారనుకొన్నదానికంటె రెండింతలు ఉన్నదట. లోపల పీచు నల్లబడి, పిండినచో నీరు వచ్చినదట. వారము దినములు ఎండబెట్టి అతికిరి.